ఔసేప్పచ్చన్ సారు పెండలం తోట

మనసులోని మాట బయటపెట్టనివాడికి అసలు మనసే లేదన్నది లోకంలో బాగా పాతుకుపోయిన అభిప్రాయం. కేరళలోని పాలా పట్టణంలో నర్సులకు ఇంగ్లీషు రాత నేర్పే ఔసేప్పచ్చన్ సారు విషయంలో ఆ అభిప్రాయానికి సాక్షులు కూడా దొరికేవారు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే. "ఐ థింక్", "ఐ ఫీల్" అన్న మాటలు కాగితం మీద కనబడితే ఓర్చుకోలేడు.

అలా రాసినవాళ్ళు పెరట్లోకి వెళ్ళి, ఒక్కో మాటకు ఒక్కో కర్రపెండలం కాడ నాటి రావాలి. విదేశాలకు పోవడానికి రాసే పరీక్ష తప్పి, మళ్ళీ మళ్ళీ వచ్చి చేరిన నర్సుల పుణ్యమా అని పెరడు నిండి, తోట పక్కింటి గోడను తాకింది. "ఇన్ మై ఒపీనియన్" అని రాసి తప్పించుకోబోయిన తెలివైనవాళ్ళూ ఉన్నారు. అది టోపీ పెట్టుకొచ్చిన "ఐ థింక్" అని సారు తేల్చి, మారువేషానికి ఒకటి కలిపి రెండు కాడలు నాటించాడు.

లిజిమోల్ చేరిన వారంలోనే పదకొండు కాడలు నాటింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించి, బస్సు దిగి తిన్నగా క్లాసుకు వచ్చే మనిషి. పొగతాగడం నిషేధించాలని తాను అనుకుంటున్నట్టు ఒకనాడు వ్యాసం మొదలుపెట్టింది.

"నువ్వనుకుంటే ఎవడి బీడీ ఆరుతుందమ్మా?" అన్నాడు సారు. "ఏం చూశావో చెప్పు."

"మా వార్డులో మూడో మంచం తాతకి పుట్టినరోజు కొవ్వొత్తి ఆర్పే ఊపిరి లేదు సార్. మనవరాలు తనే ఊది, తాతే ఆర్పాడని చప్పట్లు కొట్టింది."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది రాయి. అనుకోవడం చదివేవాడికి వదిలెయ్. అతనికీ ఏదో పని ఉండాలిగా."

బాగుందని మాత్రం అనలేదు. ఆ మాట ఆయన నోట విన్నవాళ్ళు పాలాలో లేరు. చేపల పులుసు ఎలా ఉందని భార్య అన్నమ్మచేడత్తి అడిగినా, "రెండోసారి వడ్డించుకున్నాను" అనేవాడు. "ముప్పైనాలుగేళ్ళ కాపురం. నామీద ఇష్టముందో లేదో గిన్నె అడుగు చూసి తెలుసుకుంటాను" అని ఆవిడ నర్సుల దగ్గర నవ్వేది. తోటలో తవ్విన దుంపలు ఉడికించి, ఆ పులుసుతో, ఖాళీ కడుపున వచ్చినవాళ్ళకు పెట్టేది. ఎవరైనా మొహమాటపడితే, ఎవరి తప్పులు వాళ్ళే తినాలని సారు లోపలినుంచి కసిరేవాడు. లిజిమోల్ దాన్నీ శిక్షలో భాగమనే అనుకుంది.

మూడో ప్రయత్నంలో ఆమె పరీక్ష గట్టెక్కింది. ఐర్లండ్ ఆసుపత్రివాళ్ళు కొట్టాయంలో ఇంటర్వ్యూ పెట్టి, చదువు చెప్పిన గురువు రాసిన ఉత్తరాన్ని అంటించిన కవరులో తెమ్మన్నారు. ఆమె లెక్క వేసుకుంది. ఉన్నవి రెండు ఉద్యోగాలు, వచ్చేవాళ్ళు తొమ్మిదిమంది. మిగతా ఎనిమిది కవర్లలో పొగడ్తలు పొంగిపొర్లుతాయి. తన కవరులో ఏముంటుంది? మహా అయితే పదకొండు కాడల సంగతి.

"సార్, ఒక్క మంచిమాట రాయండి" అని బతిమాలింది.

"చూసింది రాశాను" అన్నాడాయన, కవరుకు జిగురు పూస్తూ.

ఇంటర్వ్యూలో ఆ ఆసుపత్రి మేట్రన్ ఉత్తరం చదివి, మళ్ళీ మొదటికొచ్చి చదివి, తలెత్తింది. రాత్రి డ్యూటీ చేసి నూటపన్నెండు రోజులు క్లాసుకు వెళ్ళడం నిజమేనా అని అడిగింది. నిజమేనంది లిజిమోల్. తోటి అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోతే, తన పళ్ళెం ఆమెకిచ్చి, తాను తినేశానని అబద్ధం చెప్పడం? లిజిమోల్ తడబడింది. అది ఎవరి కంటా పడలేదనుకుంది. మూడో మంచం తాత కూడా ఆ ఉత్తరంలో ఉన్నాడు. ఆయనకు గడ్డం గీయడానికి సెలవురోజున కూడా ఆసుపత్రికి వెళ్ళినట్టు, ఆలస్యానికి సంజాయిషీగా ఆమె ఎప్పుడో చెప్పిన మాటను సారు దాచి ఉంచాడు. మంచిది, దయగలది వంటి మాటలు వెతికినా లేవు.

"చివర ఒక్క వాక్యం ఉంది" అని మేట్రన్ పైకి చదివింది. "ఐ థింక్, ఈమెను వదులుకుంటే నష్టం మీకే."

"అది కూడా ఆయనే రాశారా?"

"సంతకం దానికిందే ఉంది. ఏం, అనుమానమా?"

ఉద్యోగం వచ్చింది. మూడేళ్ళుగా బిగబట్టిన ఊపిరిని లిజిమోల్ తిరుగు బస్సులో, కిటికీ పక్క సీట్లో కూర్చుని, తీరిగ్గా వదిలింది.

ఆ సాయంత్రం పాలాలో దిగి నేరుగా సారు ఇంటికి వెళ్ళేసరికి, వంటింటి గుమ్మం పక్కన, ఎప్పుడూ ఎవరినీ నాటనివ్వని చోట, ఒక కాడ రెండాకులు వేసి నిలబడి ఉంది. పది రోజుల కిందట ఉత్తరం ముగించి లేచి, ఎండలో పార పట్టుకుని, ఏం తప్పు చేశాడో చెప్పకుండా సారే నాటాడని అన్నమ్మచేడత్తి చెప్పింది.

"ఆ ఒక్క మాట లేకపోయినా ఉత్తరం సరిపోయేదిగా సార్?" అంది లిజిమోల్.

"సరిపోయేది" అన్నాడాయన, కాడ మొదట్లో చెంబుతో నీళ్ళు పోస్తూ.

ఆ వాక్యం కొట్టేసి వేరే కాగితం మీద రాసే వ్యవధి ఆయనకుంది. ఉత్తరాన్ని అలాగే ఉంచి, కాడ నాటుకున్నాడు.