నల్ల గుర్తు దగ్గర కోసిన తాడు

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. పర్వతారోహణ శిక్షణకు ఊళ్ళో కాలేజీలన్నిటికీ కలిపి ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని పంపుతామన్నారు. మూడు వారాల్లో పరీక్ష. ఊరి బయట ఇరవై అయిదు మీటర్ల బండ ఎక్కి చూపించాలి. మా చర్చి యువజనులం శనివారాలు చిన్న బండలెక్కేవాళ్ళం. పరీక్ష జరిగే ఆ పెద్దబండ కోసం చర్చి సంఘం కొత్త తాడు కొనడానికి ఒప్పుకుని, ఎంచుకునే పని నాకప్పగించింది. ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ముందు మోండా మార్కెట్‌కి వెళ్ళాను. తాళ్ళ దుకాణం పెద్దాయన లారీలకు కట్టే నైలాన్ తాడు చూపించాడు. ఇది కాదు, మనిషి జారి పడితే తాడు కాస్త సాగాలి, లేకపోతే నడుం విరుగుతుందన్నాను.

"సాగేటి తాడా? ఏందమ్మా గిట్లడుగుతవ్? నా తాడు సాగిందంటె గిరాకీ వచ్చి నన్ను తిడ్తడు. జెర ఇంట్ల పెద్దోళ్లను అడిగి రా, పో."

చివరికి రాంగోపాల్‌పేట్‌లో డేరాల సామాను అమ్మేవాళ్ళు ఢిల్లీ నుంచి తెప్పించారు. నారింజ రంగు, అరవై మీటర్లు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమి చూసుకున్నాను. అంత పొడవెందుకంటే, తాడు ఎక్కేవాళ్ళ నడుము నుంచి పైకెళ్ళి, బండ నెత్తిన బిగించిన కొక్కెంలో దూరి, మళ్ళీ కింద పట్టుకునేవాళ్ళ చేతికి రావాలి. బండకు రెండింతలు, ఆపైన ఇంకొంచెం. యువజనుల బాధ్యత చూసే సంఘపెద్దకు ఇదంతా బొమ్మ గీసి మరీ చెప్పాను. "శభాష్" అన్నాడు.

ఆ వారమే మాలో ఒకమ్మాయి తల్లి వచ్చి గొడవ పెట్టింది, ఒకే తాడు పట్టుకుని ఆడా మగా కలిసి ఎక్కడమేమిటని. శనివారం నేను చర్చి హాల్లోకి వెళ్ళేసరికి తాడును దీవించమని ప్రార్థన జరుగుతోంది. బల్ల మీద నా తాడు రెండు చుట్టలుగా ఉంది. కోసిన కొసలు కొవ్వొత్తి మంటకు కాలి నల్లబడ్డాయి.

"చూడమ్మా, ఇకనుంచి అబ్బాయిలు ఆ బండకి, మీరు ఈ బండకి. ఎవరికీ అన్యాయం లేదు. కొలిచే పని కూడా తప్పింది. కోసుకోమని కంపెనీవాళ్ళే సరిగ్గా మధ్యలో నల్ల గుర్తు పెట్టి పంపారు!" అన్నాడు సంఘపెద్ద.

ఓరి దేవుడా! ఆ గుర్తు కోయడానికా? పైనుంచి తాడు మడిచి దిగేటప్పుడు సగం ఎక్కడో చూసుకోవడానికి. ముప్పై మీటర్ల ముక్క చిన్న బండలకు తప్ప దేనికీ పనికిరాదు. ముడేద్దామా అంటే, ముడి కొక్కెంలో దూరదు. ఆ మాట అక్కడే, అందరి ముందూ అరిచి చెప్పాల్సింది. "థాంక్యూ అంకుల్" అన్నాను. అవును, నేనే అన్నాను. ఆ పిరికితనం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అబ్బాయిలకేం, సైకిళ్ళున్నాయి. మారేడ్‌పల్లి కుర్రాళ్ళ దగ్గర పొడవాటి తాడుందని తెలుసుకుని, రోజూ సాయంత్రం వాళ్ళతో వెళ్ళి పెద్దబండ ఎక్కారు. నేనూ వెళ్తానంటే అమ్మ మండిపడింది. "ముక్కూమొహం తెలియని మగపిల్లల వెంటా? నలుగురూ ఏమనుకుంటారే?" అంది. పరీక్ష దాకా చిన్న బండలే ఎక్కాను, దిగాను.

పరీక్షరోజు సగం దాకా బాగానే వెళ్ళాను. అంతకంటే ఎత్తు నాకు తెలియదు. కిందికి చూశాను, అంతే, దించేయమని ఏడ్చాను. అబ్బాయిల్లో మా చర్చి కుర్రాడొకడు, అమ్మాయిల్లో వేరే కాలేజీ పిల్ల ఎంపికయ్యారు.

ఆ ఏటి వార్షిక కూటంలో సంఘపెద్ద నివేదిక చదివాడు. "ఆడపిల్లలకు తక్కువ చేశామన్న మాట రాకూడదని తాడులో సరిగ్గా సగం ఇచ్చాం. మగపిల్లాడు నెగ్గుకొచ్చాడు. అమ్మాయి ఎక్కలేకపోయింది. ఏం చేస్తాం, ఎవరి శక్తి వాళ్ళది" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన నావైపే చూస్తున్నాడు. నేనూ కొట్టాను.