క్లబ్బు కోసం కుట్టిన జాకెట్టు

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. హిందూపురంలో మా ఇంటి వసారాలోనే నా కుట్టు మిషను ఉండేది. మా ఆయన పోయాక నన్ను సాకింది ఆ మిషనే. నాకు అక్షరాలు సరిగా రావు, కొలతలు మాత్రం చేతిలో ఉండేవి. మా దగ్గరికొచ్చే ఆడవాళ్లు తమకు బాగా కుదిరిన పాత జాకెట్టొకటి తెచ్చిస్తారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. దాన్ని పరిచి, దాని ప్రకారం కొత్త గుడ్డ కత్తిరిస్తాం. జాకెట్టు చూస్తే చాలు, ఏ ఇంటి మనిషిదో చెప్పేదాన్ని.

ఒకరోజు పట్టుగూళ్ల వ్యాపారి రామచంద్రప్ప తనే జాకెట్టు పట్టుకొచ్చాడు. మగవాడు తేవడమే వింత. మడత విప్పగానే గుర్తుపట్టాను. అది ఆయన భార్య సరోజమ్మది కాదు. ఆమె చెల్లెలు వనజది. వనజ పెనుకొండలో టీచరు.

"ఇది చిన్నమ్మది గదప్పా?"

"అవును. బెంగుళూరు గోల్ఫు క్లబ్బులో మెంబరుగా చేరతాండా. కర్రతో బంతి కొట్టే ఆట లే. పట్టు ఎక్స్‌పోర్టర్లంతా ఆడనే ఉంటారు. ఆ గడ్డి మీద నడిచినోనికే ఆర్డర్లు. కమిటీవాళ్లు పెండ్లాన్ని గూడా పిలిచి ఇంగ్లీషులో మాట్లాడిస్తారంట. సరోజకు యాడొస్తాది? ఒక్క గంట వనజ వచ్చి నా పెండ్లామని కూర్చుంటాది. నువ్వు నోరు కట్టేసుకో ఖాజాబీ."

ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి మోయకూడదని మా ఆయన నేర్పిన పద్ధతి. తలూపాను.

మూడో రోజు సరోజమ్మే వచ్చింది, ధర్మవరం చీరలోంచి కత్తిరించిన జాకెట్టు ముక్కతో. ముఖం వెలిగిపోతోంది.

"ఏమ్మే ఖాజాబీ, సోమవారం నేను కమిటీ ముందర కూర్చోవల్లంట! ఆయప్పే చెప్పినాడు. చేతులు మోచేతి దాకా పెట్టు. ఇది విను: గుడ్ ఈవినింగ్, వెరీ హ్యాపీ. ఎట్లుండాది?"

"దొరసాని మాదిరి ఉండావు."

"ఎగతాళి చేయొద్దు. ఆయప్ప నవ్వుతాడని వంటింట్లో గోడకు చెప్పుకుంటాండా."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఇద్దరి జాకెట్లూ అదే వారం కుట్టాను. బావామరదళ్లు శుక్రవారమే రైలెక్కారు. భార్యను చూడకుండానే కమిటీవాళ్లు చేర్చుకున్నారని సరోజమ్మకు చెప్పాడట.

నెల తర్వాత క్లబ్బు కార్డు వచ్చింది. దాని మీద భార్య పేరు సరోజ, ఫోటో వనజది, ఒంటిమీద నేను కుట్టిన జాకెట్టు. ఆ పూటే సరోజమ్మ నా వసారాలో నిలబడింది.

"కుట్టేటప్పుడు నీకు తెలుసు గదా?"

"తెలుసమ్మా."

"చెప్పింటే అడ్డం పడతాననుకున్యావా? నేనే దానికి జడేసి, పూలు పెట్టి పంపుతాంటి గదే! నన్నొక మాట అడిగింటే చాలు."

ఆ మెంబరుషిప్పు దండగని నేననను. ఆర్డర్లు నిజంగానే వచ్చాయి. ఆయన పట్టుదారం తీసే షెడ్డు పెట్టాడు, చాలామందికి పని దొరికింది. వనజ మాత్రం అక్క గడప మళ్లీ తొక్కలేదు. క్లబ్బు విందులకు ఆయన ఒక్కడే పోయేవాడు, ఇంట్లో మనిషికి ఒళ్లు బాగాలేదని చెప్పుకుంటూ.

ఎనభై ఆరులో ఆయన గుండె ఆగి పోయాడు. కొన్నాళ్లకు క్లబ్బు నుంచి ఉత్తరమొచ్చింది. సభ్యుడు పోతే అతని భార్య ఇష్టమైతే ఆ సభ్యత్వం తన పేరున ఉంచుకోవచ్చట. ఎనిమిదేళ్లుగా మా ఇంటివైపు చూడని సరోజమ్మ ఆ ఉత్తరం పట్టుకుని వచ్చింది.

"నువ్వు గూడా మొగుడు పోయిన దానివే, నువ్వే చెప్పు. వాళ్లు రమ్మంటాండేది నన్నా, దాన్నా?"

ఆమె ఉత్తరం మడిచి కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

నోరు కట్టుకోవడం మా పనిలో మంచి గుణమని అంతవరకూ అనుకునేదాన్ని. ఎవరి మేలు కోసం కట్టుకుంటున్నానో ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఆ తర్వాత మగవాళ్ల చేతినుంచి ఆది జాకెట్టు తీసుకోవడం మానేశాను. గిరాకీ పోతే పోయింది.

"తొడుక్కునే ఆయమ్మనే రమ్మనప్పా," అని పంపేస్తాను.