ముందు బిళ్ళ, తర్వాతే పిట్ట

నాగూర్ వలి గారు దొంగ నాణేలు అమ్ముతారని కొందరన్నారు. చాటుగా కౌజు పిట్టల వ్యాపారం చేస్తున్నారని మరికొందరన్నారు. రిటైరయ్యాక మతి చలించిందని సొంత మేనల్లుడే చెప్పాడు. మూడింటికీ ఆధారాలు వెతికాను. దొరకలేదు. ఆయనకున్న వ్యసనం ఒక్కటే. పిట్ట బొమ్మ ఉన్న నాణెం చేతికి తగిలితే, ఆ దేశ చరిత్ర చెప్పందే ఎదుటివాణ్ణి వదలరు.

గుంటూరులో ఒకే కళాశాలలో ఆయన చరిత్ర చెప్పేవారు, నేను తర్కశాస్త్రం. ఒకసారి పొన్నూరు బస్సులో చిల్లర కోసం జేబు తడిమి, న్యూజిలాండ్ నాణెం బయటికి తీశారు.

"ఇది హుయా పక్షి. ఇంగ్లండు రాకుమారుడు దీని ఈకను టోపీలో పెట్టుకున్నాడు. ఇక ఆ ఈకలు అందరికీ కావలసివచ్చాయి. పక్షి కనుమరుగయ్యాక నాణెం మీద బొమ్మ వేశారు. చూశావా, నాయనా?"

"చూశాను సార్. టిక్కెట్టుకి చిల్లర అడిగితే చరిత్ర ఇస్తారేంటండీ?" అన్నాడు కండక్టరు.

టిక్కెట్టు నేనే కొన్నాను.

మా అమ్మాయి పెళ్ళిలో దంపతులను ఆశీర్వదించమని మైకు ఇచ్చాం. క్వెట్జల్ పక్షి పంజరంలో బతకదని గ్వాటెమాలావారి నమ్మకమనీ, అందుకే స్వేచ్ఛకు గుర్తుగా నాణేలకెక్కిందనీ వివరించారు. పెళ్ళికొడుకు నా వైపు అనుమానంగా చూశాడు.

మొన్న మిరప కోతల కాలంలో, మా కాలనీ సంఘం కార్యదర్శి లక్ష్మీకాంత్ రొప్పుతూ వచ్చాడు.

"అధ్యక్షులుగారూ, వలి గారు రోజూ పొద్దున్నే కోటేశ్వరి గదికి వెళ్తున్నారండీ. 'ముందు బిళ్ళ, తర్వాతే పిట్ట' అంటున్నారు. నా చెవులతో విన్నాను. బిళ్ళలు పుచ్చుకుని పిట్టలమ్మడం ఏం బేరమండీ? గది ఖాళీ చేయించాలి!"

కోటేశ్వరి మిరప తొడిమలు తీసే కూలీ, ఒంటరి మనిషి. సంఘం అద్దెకిచ్చిన ఆ గది తప్ప ఆమెకు వేరే నీడ లేదు. విచారించనిదే నిర్ణయం ఉండదన్నాను. మర్నాడు ఇద్దరం వెళ్ళాం. తలుపు తట్టబోయిన నా చెయ్యి ఆగిపోయింది.

"దగ్గు పోయింది కదా సార్. ఇంకా ఎందుకీ బిళ్ళ?" అంటోంది కోటేశ్వరి.

"మధ్యలో మానేస్తే క్షయ తిరగబెడుతుందని డాక్టరమ్మ చెప్పలేదూ? సరే, నిన్న ఎక్కడ ఆపాం? మారిషస్ తీరానికి డచ్చివాళ్ళ ఓడలొచ్చాయి. డోడో వాళ్ళను చూసి కూడా కదల్లేదు."

"తర్వాతేమైంది?"

"ముందు బిళ్ళ."

గ్లాసు చప్పుడు. "మింగాను. చెప్పండి."

"కొన్నాళ్ళకి ఒక్కటీ మిగల్లేదమ్మా."

"అయ్యో! ఎందుకు పారిపోలేదు సార్?"

"నీలాగే. తనకేం కాదనుకుంది."

కోటేశ్వరి అంది: "రేపు మాత్రం బతికున్న పిట్టను తీసుకురండి."

సంగతంతా తర్వాత ఆమే చెప్పింది. మిరప ఘాటుకి అందరూ దగ్గే చోట ఆమె దగ్గును ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆయనే. జబ్బు సంగతి తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఆమె భయం. అందుకే ఊరి మాటలన్నీ ఆయన నోరెత్తకుండా భరించారు.

"రూపాయి బిళ్ళ అనుకున్నానండీ," అని గొణిగాడు లక్ష్మీకాంత్. గది మాట మళ్ళీ ఎత్తలేదు.

కోటేశ్వరి మందుల కోర్సు పూర్తయింది. ఇది రాయమన్నది కూడా ఆమే. వలి గారి మీద రుజువైన అభియోగం ఒక్కటే, బస్సు టిక్కెట్లు ఇప్పటికీ నేనే కొంటున్నాను. ఇక తీర్పు. ఆయన నాణెం అమ్మలేదు, పిట్టనూ అమ్మలేదు. మానేయబోయిన మందును ఒక మనిషి చేత చివరిదాకా మింగించారు.