నీళ్ళ ట్యాంకులో జింకు ముక్క

నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. సముద్రం మధ్య ఈ దీవిలో, ప్రోతరాపూర్‌లో మా రేకుల ఇంటి ముందు గదే నా ఆఫీసు. కంప్యూటరు పెద్దదే కొన్నాను గానీ, మధ్యాహ్నమయ్యేసరికి వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. ఫ్యాన్లు మార్చి చూశాను. ఉప్పుగాలికి అవి ఏడాది తిరక్కుండానే తుప్పుపట్టాయి. ఇక నీళ్ళతో చల్లబరిచే ఏర్పాటు తప్పదని తేలింది. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి కంపెనీవాళ్ళే నీళ్ళు నింపి సీలు వేసి ఇచ్చేది, బిగించుకుంటే చాలు. రెండోది ట్యాంకు, పంపు, రేడియేటరు, ట్యూబులు విడివిడిగా తెప్పించి మనమే కట్టుకునేది. నా మనసు సీలు వేసినదాని మీదే ఉంది. నాకు ఓపిక తక్కువని ఇంట్లో అందరికీ తెలుసు.

భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, మా ఆయన వాళ్ళ నాన్న ముద్ద ఆపి నావైపు చూశారు.

"ఇప్పడానికి అవ్వనిది ఏటి ఇంజినమ్మా? ఖరాబైపోతే ఏటి సేస్తావు? ఓడెక్కించి మెడ్రాసు పంపుతావా?"

మావయ్య హాడో రేవులో బోటు ఇంజిన్ల మిస్త్రీగా పనిచేశారు. శ్రీకాకుళం తీరం నుంచి కుర్రతనంలో వచ్చి, ఇక్కడే ఆ పని నేర్చుకున్నారు. చేతులు వణకడం మొదలయ్యాక బోటువాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. రావద్దని ఎవరూ అనలేదు. పిలవలేదు, అంతే. అప్పటినుంచి ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా అరుగు మీద కూర్చునేవారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆయన చెప్పినదాంట్లో న్యాయం ఉందని కొంత, ఆయనకు ఒక పని దొరుకుతుందని కొంత, విడి సామాన్లే తెప్పించాను.

వారం రోజులు ఇద్దరం కలిసి కట్టాం. ట్యూబు నేను పట్టుకుంటే బిగింపు ఆయన చూసేవారు. బ్యాటరీ షాపు నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చి నింపాం. కంప్యూటరుకి కరెంటు ఇవ్వకుండా, పంపు ఒక్కదాన్నే రోజంతా తిప్పి, కింద పాత పేపర్లు పరిచి, ఎక్కడైనా కారుతోందేమోనని మావయ్య గంటగంటకీ వంగి తడిమి చూశారు.

"మావయ్యా, దీన్ని కూడా సముద్రంలోకి తోలేస్తారా ఏంటి?" అని ఏడిపించాను.

"తోలితే నీ పెళ్ళిళ్ళు అన్నీ తడిసిపోతాయమ్మా," అని నవ్వారు.

ఆ నవ్వు నేను చాలాకాలం తర్వాత చూశాను. ఇరుగుపొరుగు వాళ్ళకు "మా కోడలి ఇంజిను" అని చెప్పుకునేవారు. రోజూ పని మొదలుపెట్టేముందు వచ్చి, ట్యాంకు మీద చెయ్యి వేసి చూసి, "సల్లగుంది, ఠీక్ ఉంది" అని వెళ్ళేవారు.

రెండు నెలలు బాగానే నడిచింది. మాయాబందర్ వాళ్ళ పెళ్ళి వీడియో సగంలో ఉండగా కంప్యూటరు మళ్ళీ ఆగిపోయింది. చూస్తే ట్యాంకులో నీళ్ళు గంజిలా తెల్లబడి ఉన్నాయి. అడుగున వేలి గోరంత బూడిదరంగు ముక్క ఒకటి కనిపించింది. మావయ్యను పిలిచి చూపించాను.

"జింకు ముక్కమ్మా. నేనే ఏసినాను. నీ మిషను పాడవకూడదని."

బోటు ఇంజిన్లలో తిరిగే ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది. అందుకని మిస్త్రీలు లోపల ఒక జింకు ముక్క పెడతారు. నీరు ముందు దాన్ని తింటుంది, ఇంజిను మిగులుతుంది. ఆయన జీవితమంతా చేసిన పని అదే. కానీ మా ట్యాంకులో ఉన్నది ఉప్పునీరు కాదు. జింకు కరిగి తెల్లటి బురదై, ప్రాసెసరు మీద కూర్చునే రాగి దిమ్మలోని సన్నటి సందులన్నీ మూసేసింది.

మావయ్య నేల మీద కూర్చుని విప్పడం మొదలుపెట్టారు. నాకు కోపం ఆగలేదు. ఆయన మీద అరవలేను. అందుకని వంటింట్లో ఉన్న మా ఆయన దగ్గరికి వెళ్ళి, ముందు గదిలోకి వినపడేలా అన్నాను.

"సీలు వేసినదే కొనాల్సింది. దాంట్లో అయితే ఎవరూ చెయ్యి పెట్టేవాళ్ళు కాదు."

మా ఆయన నావైపు చూసి తల దించుకున్నాడు. ముందు గదిలో పానా చప్పుడు ఆగిపోయింది.

మర్నాటికి మావయ్య ప్రతి ముక్కా కడిగి, రాగి దిమ్మను పళ్ళ బ్రష్షుతో తోమి, అన్నీ పేపరు మీద వరసగా పేర్చి ఉంచారు. మళ్ళీ బిగిద్దామా అని అడిగాను.

"ఒద్దమ్మా. సీలేసిందే తెప్పించుకో. ఇది నాకు తెలిసిన ఇంజిను కాదు."

కాదనలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట ఆయన నోటినుంచే వచ్చినందుకు హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సీలు వేసినది వచ్చింది. అరగంటలో నేనొక్కదాన్నే బిగించేశాను. మావయ్య గుమ్మం బయటే నిలబడి చూశారు.

"దీంట్లో నీరు ఎక్కడ పోస్తారమ్మా?"

"పొయ్యక్కర్లేదు మావయ్యా."

"మరి అప్పుడప్పుడూ సూడక్కర్లేదేటి?"

"అక్కర్లేదు."

"అచ్ఛా," అని తలూపి అరుగు మీదికి వెళ్ళిపోయారు.

ఆయన బిగించిన ట్యూబుల్లోంచి ఆ రెండు నెలల్లో ఒక్క చుక్క కూడా బయటికి కారలేదు. ఆ చేతులతో బిగించినవే అవి. ఆ మాట ఆయన వెనకే వెళ్ళి చెప్పాల్సింది. కంప్యూటరు ఆన్ చేసి, మాయాబందర్ పెళ్ళి ముందేసుకుని కూర్చున్నాను.