గ్లాసులో టీ డికాక్షన్

విస్కీ అమ్ముకుంటూ నేను ప్రపంచమంతా తిరుగుతున్నానని ఆమదాలవలసలో అందరికీ కుళ్లు. రైలు దిగి ఆటో ఎక్కేలోపే ఎవరో ఒకరు పట్టుకుంటారు. "ఏటి మావా, ఈపాలి ఏ దేశమెల్లొచ్చినావు? మాకో సీసా తేలేదేటి?" అని. నేను చూసిన దేశాలేమున్నాయి, నా మొహం! కిటికీ తెరుచుకోని హోటలు గది, కింద తివాచీ పరిచిన హాలు, అందులో వరసగా నా సీసాలు. ఊరి పేరు మారుతుంది, గది మారదు.

ఈ వ్యాపారం నేనూ మా బావమరిదీ కలిసి పెట్టాం. వాడు సాలూరులో తన లారీలన్నీ అమ్మి ఇందులో పెట్టాడు. నేను నా మొహం పెట్టాను. నిజంగానే, సీసా మీద మీసం మెలేసిన బొమ్మ నాదే. అందుకే ఏ దేశంలో ప్రచారానికైనా నేనే వెళ్లాలి, వేదికెక్కి మొదటి గుక్క నేనే తాగాలి. తన సరుకు తాను తాగనివాడి దగ్గర ఎవడు కొంటాడు?

ఆమధ్య శ్రీకాకుళంలో డాక్టరు నా లివరు సంగతి చెప్పి, ఇక చుక్క కూడా ముట్టుకోవద్దన్నాడు. ఆ మాట మా ఆవిడకి తప్ప మా వాళ్లెవరికీ తెలియనివ్వలేదు. వ్యాపారం మానెయ్యమని ఆవిడ అనలేకపోయింది. మానేస్తే రోడ్డున పడేది ఆవిడ తమ్ముడే. వెళ్లి రమ్మనడానికీ నోరు రాలేదు. నేను బయల్దేరేటప్పుడల్లా మాట్లాడకుండా పెట్టె సర్దేది. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

నేనో ఉపాయం కనిపెట్టాను. హోటలు గదిలో పాలు లేకుండా టీ కాచి, చల్లార్చి, ఎవరూ చూడకుండా నా గ్లాసులో పోసుకునేవాణ్ణి. రంగు అచ్చు కుదిరేది. వేదిక మీద కళ్లు మూసుకుని ఆ చల్లారిన చేదుని మింగి "ఆహా" అంటే జనం చప్పట్లు కొట్టేవారు. సిగ్గేసేది. ఎప్పుడు దొరికిపోతానో అని భయం కూడా.

పోయిన నెల బెల్జియంలో దొరికిపోయాను. అక్కడి పెద్ద వ్యాపారి ఒకాయన, వాసన చూసి సరుకు కొనేవాడు, పరాచికానికి నా చేతిలో గ్లాసు లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"మీ సరుకు మీరే తాగరా?" అని మెల్లిగా అడిగాడు.

అసలుది ఒక్క గుక్క తాగి చూపిస్తే సరిపోయేది. చెయ్యి సీసా దాకా వెళ్లింది కూడా. పెట్టె సర్దుతూ మా ఆవిడ తల ఎత్తకపోవడం గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. ఆయన బేరం వదులుకుని వెళ్లిపోయాడు.

అదంతా అక్కడి మా ఏజెంటు ముందే ఫోను చేసి చెప్పేశాడు. నేను ఇల్లు చేరేసరికి బావమరిది సాలూరు నుంచి వచ్చి కూర్చున్నాడు. నన్ను చెప్పులు కూడా విప్పుకోనివ్వలేదు.

"ఒక్క గుక్క బావా! ఒక్క గుక్క తాగీస్తే ఏటయిపోతాది? ఎన్నాళ్ల బట్టి తిరుగుతన్నాం ఆడి ఎనకాల!"

వంటింట్లోంచి మా ఆవిడ చేతిలో గరిటెతోనే వచ్చింది.

"తాగితే మీ బావ మనకి దక్కడ్రా. డాక్టరు సెప్పీసినాడు," అంది.

వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనంటే వాడికి ప్రాణం, ఆ సంగతి నాకు తెలుసు. వీధి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి వాళ్ల అక్కని అడిగాడు.

"ఇది బయట ఎవలికైనా తెలుసేటి, అప్పా?"

మా ఆవిడ నా వైపు చూసింది. వాడి మీద నాకు కోపం రావాలి, రాలేదు. డాక్టరు ఆ మాట చెప్పిన రోజు నేనూ మొదట అదే అడిగాను. "ఇది బయటికి పొక్కదు కదండీ?" అని. అప్పుడూ ఆవిడ నా పక్కనే కూర్చుని ఉంది.