మాలకొండయ్య సారు గొంతు

ఆత్మకూరులో నిక్షేపంగా నడుస్తున్న గొర్రెలూ మేకలూ లాంటి జీవాల మందుల షాపును నేను ఒంటిచేత్తో ముంచబోయిన సంగతి చెబుతాను. మీరు నవ్వుకోండి. నేను మాత్రం తల దించుకునే చెబుతాను.

షాపు మాలకొండయ్య సారుది. నేను బిల్లులు కొట్టేవాణ్ణి. కంప్యూటర్ కోర్సు చేశానని కాస్త పొగరు కూడా ఉండేది. షాపులో పాతకాలపు ఫోన్ డబ్బా, దానికి మెసేజ్‌లు పట్టే మిషనూ ఉండేవి. ఉదయగిరి, మర్రిపాడు వైపు కాపరులు పొద్దుగూకేసరికి మంద తోలుకొచ్చాక ఫోన్ చేసి, కావాల్సిన మందు దాంట్లో చెప్పేవాళ్లు. పొద్దున్నే విని మందు మొదటి బస్సుకు వేసేవాళ్లం.

పాత మిషన్ గరగరమంటోందని సారు కొత్తది తెప్పించాడు. "బిగించేది నీకు చేతవుద్దా?" అన్నాడు. "నాకా సార్?" అని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బిగించాను. సారు భోజనానికి వెళ్లగానే, పరీక్ష కోసం ఆయన గొంతు అనుకరించి రికార్డు చేశాను: "ఏందిరా, జీవాలు పడిపోయిందాకా నిద్రపోతాండావా? బుద్ధుండాదా?" అచ్చం సారే. తర్వాత చెరిపేద్దామని ఏదో బటన్ నొక్కాను. చెరిగిపోలేదు. ఫోన్ చేసినవాళ్లకు మొదట వినిపించే పలకరింపుగా కూర్చుంది. ఆ సంగతి నాకు తెలిస్తే కదా.

మర్నాటి నుంచి మెసేజ్‌లలో మాటల్లేవు. గొర్రెల అరుపులే.

"చూడండి సార్, అరుపు కూడా ఎంత స్పష్టంగా వస్తాందో" అన్నాను, గర్వంగా.

"గొర్రె ఫోన్ చేసిందారా? మనిషేడి? ఉదయగిరి పెంచలయ్యకు ఫోన్ కొట్టు."

స్పీకర్ పెట్టి కొట్టాను. పాత గిరాకీ అయిన పెంచలయ్య గొంతు నీరసంగా పలికింది. "అన్న తిట్టినాడబ్బా. పెద్దోడు తిట్టేటప్పుడు ఎదురు మాట్లాడగూడదని గమ్మునుండా. మళ్లీ అడిగేదానికి మొగం చెల్లలా. మందంతా కడుపు జారి పారతా ఉండాది. రెండు గొర్రెపిల్లలు లేవలేకుండాయి."

నా రికార్డింగు గుర్తొచ్చింది. సారు ఫోన్ పెట్టేసి మిషన్ వినిపించమన్నాడు. విన్నాడు. "నేనిట్ట అరస్తానా?" అని అడిగాడు. నేను బిల్లు పుస్తకంలో తల దూర్చాను. సిగ్గుతో నేల చీలితే బాగుండుననిపించింది.

సారే మళ్లీ ఫోన్ కలిపి మెత్తగా అన్నాడు. "పెంచలయ్యా, తప్పయిపోయింది నాయనా. మందు ఇప్పుడే బస్సుకేస్తాండా."

"ఎవురయ్యా నువ్వు? మాలకొండన్న గొంతు నాకు తెలీదా? ఆయన ఇంత మెత్తగా మాట్లాడతాడా? నా జీవాలు చస్తాంటే నీకు ఎగతాళిగా ఉండాదా?"

సారు ఎంత బతిమాలితే పెంచలయ్య అనుమానం అంత పెరిగింది. చివరికి సారు ఫోన్ నా చేతిలో పెట్టి, నావైపు చూడకుండా, "నువ్వే చెప్పు. నా గొంతుతో" అన్నాడు.

సారు ఎదురుగా కూర్చుని ఉండగానే అందుకున్నాను. "ఏందిరా పెంచలయ్యా, మందు బస్సుకేస్తాంటే నీకు అనుమానాలా? పోయి బస్టాండులో నిలబడు. బుద్ధుండాదా?"

"అట్ట చెప్పన్నా" అన్నాడు పెంచలయ్య, ప్రాణం లేచొచ్చినట్టు. "ఇందాకటినుంచీ ఎవుడో నీ మాదిరి మాట్లాడతా ఉండాడు. పోతాండా."

పిల్లలు రెండూ లేచాయి. నేనే, సారు ముందు చాన్నాళ్లు తలెత్తలేదు. ఇక ఈ జన్మలో ఏ మిషన్ ముందూ నోరు విప్పనని ఒట్టేసుకున్నాను. మరీ పరీక్షించక తప్పకపోతే దగ్గుతాను. అదీ నా సొంత దగ్గే.