మేస్త్రమ్మ తవ్విన నేల

నేను ఎక్కవలసిన రైలు ఆ రోజు వేళకే వచ్చింది, వేళకే వెళ్లిపోయింది. నేను మాత్రం దాన్ని చూడలేదు. నా తల టికెట్ కిటికీలో ఉంది.

మా ఊరి స్టేషన్లో టికెట్ కావాలంటే నడుము వంచాలి. కిటికీ నా బొడ్డు ఎత్తున ఉంటుంది. లోపలి గుమాస్తా మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన మాట వినబడక తల ఇంకాస్త లోపలికి పెట్టాను. వెళ్లేటప్పుడు సహకరించిన చెవులు తిరిగి వచ్చేటప్పుడు మొరాయించాయి. గుమాస్తా మర్యాదస్తుడు. నా గడ్డం కిందనుంచి చెయ్యి చాపి వెనకవాళ్లకు టికెట్లిచ్చాడు.

అప్పుడే మేస్త్రమ్మ వచ్చింది. మా అమ్మకు చిన్నాన్న కూతురు, నాకు పిన్ని. ఊరందరికీ మేస్త్రమ్మ. చేతిలో టేపు ఉంది, స్టేషన్ నేల కొలవడానికి వచ్చింది.

"ఎంతసేపైందిరా?"

"రైలు రాకముందు నుంచీ, పిన్నీ."

"పుట్టేటప్పుడు కూడా మీ అమ్మనింత కష్టపెట్టలేదు కదరా నువ్వు!" అంటూ చెవులకు సబ్బునీళ్లు రాసి, భుజాలు పట్టుకుని లాగింది. నేను బయటపడ్డాక నా తలను పట్టించుకోలేదు. నా కాళ్లకింది నేలను చూస్తూ నిలబడింది.

తప్పు కిటికీది కాదు. కట్టినవాళ్లు దాన్ని మనిషి ఛాతీ ఎత్తునే పెట్టారు. రాతి గోడలు, మూడు కమానుల వరండా, వేడి పైకి పోయేంత ఎత్తున పెంకుల కప్పు, దాని కింద గుండ్రటి గాలి కన్నాలు, అడుగున రాతిబండలు. అన్నీ లెక్కగానే కట్టారు. తర్వాత వచ్చిన ప్రతి పెద్దమనిషికీ కొత్త నేల కావాలనిపించింది. పాతది తీయాలని ఒక్కరికీ అనిపించలేదు. బండల మీద కంకర దట్టించి ఎర్ర గచ్చు పోశారు. గచ్చు మీద మళ్లీ కంకర దట్టించి మొజాయిక్ పరిచారు. నేల లేచేకొద్దీ కిటికీ కుంగింది. బెంచీల కాళ్లు సగానికి పూడిపోయి, కూర్చున్నవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగిలేవి. మా ఊరివాళ్లమే కాస్త పొడుగని మేము గర్వపడేవాళ్లం.

ఎర్ర గచ్చు పోసింది పిన్ని వాళ్ల నాన్న. అప్పుడు పిన్ని తట్ట మోసే పిల్ల. ఆడపిల్లకు తాపీ ఎందుకనేవాడాయన. ఓ మధ్యాహ్నం మగవాళ్లు అన్నాలు తింటుంటే, మూల మిగిలిన గచ్చు తనే పోసి మెరుగు పెట్టేసింది. ఆయన వచ్చి, తన పని ఎక్కడ ఆగిందో కూతురి పని ఎక్కడ మొదలైందో వంగి వంగి వెతికాడు. దొరకలేదు. గొణుక్కుంటూ పిడి విరిగిన తాపీ ఒకటి ఆమె ముందు పడేశాడు. ఆయనకు తెలిసిన మెచ్చుకోలు అదే. పెద్దయ్యాక ఆ గచ్చు మీద మొజాయిక్ పరిచింది కూడా పిన్నే. ఆ రోజు ఆయన గుమ్మందాకా వచ్చి, లోపల అడుగు పెట్టకుండానే వెళ్లిపోయాడట.

ఇప్పుడు మొజాయిక్ మీద మెరిసే టైల్స్ అతికించాలని కాంట్రాక్టరు ఉబలాటం. పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడు మరి.

"అతికించను. అడుగుదాకా తవ్వుతా" అంది పిన్ని.

"తవ్వావంటే ఈ స్టేషన్లో నీకిదే ఆఖరి పని మేస్త్రమ్మా. మీ నాన్న కాలం నుంచీ మీ ఇంటిదే ఈ పని. చూసుకో మరి."

"చూసుకునే చెప్తున్నా. ఇంకో వరస వేస్తే జనం పాక్కుంటూ వచ్చి టికెట్ కొనాలి."

"జనంతో నీకెందుకు?"

"ఆ జనంలో మా అక్క కొడుకున్నాడు. వాడి చెవులు చూశావా?"

అందరూ చూశారు.

మర్నాడు పొద్దున్నే పిన్ని తన మొజాయిక్ తనే పగలగొట్టడం మొదలుపెట్టింది. ఎర్ర గచ్చు బయటపడేసరికి కాంట్రాక్టరు ఇంకో మేస్త్రిని, అతని మనుషుల్ని దించాడు. ఆ మేస్త్రి పిన్ని సొంత తమ్ముడు, మా మామయ్య.

"ఆపక్కా!"

"టైల్స్ అతికించడానికొచ్చావా?"

"టైల్స్ సంగతి తర్వాత. ఇది నాన్న చేతి పని. దీని మీద గునపం వేస్తావా?"

"నా పని మీద వేశానుగా."

"నీది నీ ఇష్టం. నాన్నది నీ ఒక్కదానిదే కాదు."

పిన్ని గునపం దించింది. తడిగుడ్డతో గచ్చు తుడిచింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది తళుక్కున మెరిసింది. మామయ్య ముక్కు ఎగబీల్చాడు.

"నాన్న ఆ బండల్ని కప్పాడు. నేను నాన్నని కప్పాను. ఇప్పుడు నువ్వు నన్ను కప్పడానికొచ్చావు. మనింట్లో ఒక్కళ్లయినా తియ్యాలి కదరా" అంది పిన్ని.

"నాన్న ఉంటే ఏమనేవాడు?"

"తిట్టేవాడు. ఆయన తిడుతుండగానే తవ్వేదాన్ని."

మొదటి పోటు పడగానే మామయ్య మొహం తిప్పుకున్నాడు. తన మనుషులతో, "పదండర్రా, టీ తాగొద్దాం" అన్నాడు. పొద్దుగూకేదాకా తాగారు. కాంట్రాక్టరు వెళ్లి కేకలేస్తే, "ఇంకా వేడిగా ఉందండీ" అన్నాడట గ్లాసు ఊదుతూ. ఇంటికి పోతూ మామయ్య లోపలికొచ్చి ఒక ఎర్ర ముక్కను తువ్వాలులో చుట్టుకున్నాడు. పిన్ని ఆ కాసేపూ గోడలో ఏదో పగులు వెతికింది.

రాతిబండలు తేలాయి. కిటికీ ఛాతీ దగ్గరికొచ్చింది. బెంచీల కాళ్లు పూర్తిగా బయటపడితే చివర్న సింహం పాదాలున్నాయి, గోళ్లతో సహా. తరతరాలుగా మేము సింహాల మీద కూర్చుంటున్నామని మాలో ఒక్కరికీ తెలియదు.

అధికారి వచ్చాడు. నేల వైపు చూడనేలేదు, మరుగుదొడ్డి ఎక్కడని అడిగాడు. కాంట్రాక్టరు మాత్రం మాట మీద నిలబడ్డాడు. పిన్నికి స్టేషన్లో మళ్లీ పని దొరకలేదు. ఊళ్లో ఇళ్లకు గోడలు లేపుకుంటూ బతికింది. పనిలేని రోజుల్లో స్టేషన్ దారిలో కాకుండా చుట్టు తిరిగి వెళ్లేది.

ఆ తర్వాత కొత్త స్టేషన్ మాస్టరు వచ్చాడు. నేల లేచినప్పుడల్లా తలుపులు రాసుకుంటున్నాయని అడుగున కోసేసేవారట. నేల దిగింది కాబట్టి ఇప్పుడు తలుపుల కింద మూరెడు సందు. ఓ రోజు పిన్ని రైలెక్కడానికి వస్తే ఆయన పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఈ పని? తలుపు మూసినా కుక్కలు దర్జాగా లోపలికొచ్చి పడుకుంటున్నాయి. నేల మళ్లీ కాస్త లేపిపెట్టు. కాంట్రాక్టరుతో నేను మాట్లాడతా, ఇక్కడి పనంతా మళ్లీ నీకే ఇప్పిస్తా."

పిన్ని సంచీ భుజానికెత్తుకుంది.

"తలుపు పొడుగు చేయించుకోండి సార్, నేల మాత్రం ఇక లేవదు."